కట్టకూడని మోకు

పెదనావపేటలో ఆడపిల్లలకి చీర కట్టుకోవడం కంటే ముందు పడవకి తెరచాప కట్టడం వచ్చేదని గంగరత్నం తాత గొప్పలు పోయేవాడు. ఒట్టి కోతలు. ఆయన కాలంలో ఆడవాళ్లని పడవ నీడకి కూడా రానిచ్చేవారు కాదు. అయినా మనవరాలికి మాత్రం నేర్పాడు. ఇసుకలో వెదురుగడ పాతి, దానికి పాత పంచె కట్టి, ఒక పక్క మనవణ్ణి, ఒక పక్క మనవరాలిని కూర్చోబెట్టుకుని నేర్పాడు. పెద్దయ్యాక మనవడు పోలిరాజు సముద్రం మీదకి వెళ్లాడు. మనవరాలు గంగరత్నం విశాఖపట్నంలో చదివి, పీచులూ దారాల మీద పరిశోధన చేసే మనిషైంది. ఎవరి దారి వాళ్లది అనుకుంటూ ఉండగా లోకమే అడ్డం తిరిగింది.

డీజిలు అడుగంటింది. ఉన్న కాస్తా ఆస్పత్రులకీ రైళ్లకీ తప్ప వేటపడవలకి ఇవ్వబోమన్నారు. మరపడవలన్నీ ఒడ్డున పడి తుప్పు పట్టాయి. కడుపులు ఊరుకోవుగా! అటకల మీద నుంచి పాత తెరచాపలు దిగాయి. చాపలైతే దిగాయి గాని, వాటిని నడిపే చేతులేవీ? మీట నొక్కి ఇంజను తిప్పిన తరానికి గాలితో బేరం ఆడటం ఎలా వస్తుంది?

పెద్ద తెరచాప చూడటానికి ఏముంది, గుడ్డే. పడవ మధ్యన కొయ్య నిలబెడతారు. కొయ్య కొసన కప్పీ, కప్పీ మీదుగా తాడు. ఆ తాడు లాగితే చాప పైకి లేస్తుంది. చాప అడుగు అంచుని ఒక పొడవాటి దూలానికి కట్టేస్తారు. దూలం ఒక కొస కొయ్యకి తగులుకుని ఉంటుంది, రెండో కొస గాలిని బట్టి తలుపులా అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తిరిగే కొస నుంచి వెనక కూర్చున్న మనిషి చేతికి ఒక మోకు వస్తుంది. ఆ మోకు లాగితే చాప గాలిని పడుతుంది, సడలిస్తే జారవిడుస్తుంది. మిగతా తాళ్లన్నీ ముడేసి నిద్రపోవచ్చు. ఈ ఒక్క మోకు కట్టకూడదు. ఈదురుగాలి కబురు పెట్టి రాదు. అది విరుచుకుపడిన క్షణంలో మోకు వదిలేస్తే దూలం బయటికి తిరిగి, చాప టపటపా కొట్టుకుని, పడవ నిలబడుతుంది. వదలకపోతే పడవ ఒరిగి, నీళ్లు తాగి, బోర్లా పడుతుంది. అందుకే మోకు పట్టినవాడు అన్నం కూడా తన చేత్తో తినడు. పక్కవాడు ముద్ద కలిపి నోట్లో పెడతాడు. మొగుడూ పెళ్లాల్లాగ ఏటర్రా అని ఒడ్డున ఎంత ఎగతాళి చేసినా, ఆ ఆచారం తప్పేవారు కాదు పాతవాళ్లు.

కొత్తవాళ్లకి సిగ్గు. పోలిరాజు బావమరిది దానయ్యకి మరీ సిగ్గు. ఒకరి చేత తినిపించుకోవడమేమిటని, మోకు పక్క బల్లకి చుట్టి, రెండు ముడులేసి, గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. గాలి ఆ ముద్ద నోటిదాకా పోనివ్వలేదు. పడవా దొరకలేదు, అతనూ దొరకలేదు. మునిగిన పడవల్లో దానయ్యది మొదటిదీ కాదు, చివరిదీ కాదు.

తమ్ముడి దినం అయిన మర్నాడే పోలిరాజు భార్య దేముడమ్మ ఆడబిడ్డ దగ్గరికి వచ్చి అడిగింది. “అంత సదువు సదివేవు కదే రత్నం! మనిసికి బుద్ధి లేకపోతే ఆ తాడుకైనా బుద్ధి ఎట్టలేవా?”

ఆ మాట గంగరత్నానికి ముల్లులా దిగింది.

ఊరి చివర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో రత్నం వాళ్ల ప్రయోగశాల వెలిసింది. అందులో పెద్దావిడ హైమవతి గారు నరాల శాస్త్రంలో ఉద్దండురాలు. ఆవిడ పెంచిన పీచు ఒకటి ఉంది. మనిషి నరంలో పారే మెరుపు తగిలితే కండలా ముడుచుకుంటుంది. పదే పదే తగిలితే ఆ తీరు గుర్తు పెట్టుకుంటుంది. ఆ పీచుతో రత్నం మోకు పేనింది. పట్టేవాడి ముంజేతికి ఒక తొడుగు వేస్తే, చెయ్యి ఎప్పుడు బిగించిందో, ఎప్పుడు సడలించిందో మోకుకి ఎక్కుతుంది. ఒక్క మోకు పూర్తిగా నేర్చుకుంటే చాలు. పాలల్లో తోడు వేసినట్టు, దాని ముక్క ఒకటి తొట్టిలో వేస్తే కొత్త మోకులన్నీ అదే గుణంతో పుడతాయి. చివర తుమ్మచెక్క కషాయంలో ఉడకబెడితే ఇక ఆ గుణం మారదు. వెనకటివాళ్లు వలల్ని ఉడకబెట్టిన కషాయమే అది.

ఇక కావలసింది మంచి చెయ్యి. తాత నేర్పిన చెయ్యి ఊళ్లో ఒక్కటే మిగిలింది.

పోలిరాజు ఎండాకాలమంతా తొడుగు వేసుకుని సముద్రం మీద తిరిగాడు. మోకు నేర్చుకుంటూనే ఉంది. మొదట్లో అతను లాగితే అది లాగేది. తరవాత్తరవాత అతను లాగబోతుండగానే లాగేసేది. “ఓసి దీని తెలివి తగలెయ్యా, నాకంటే ముందే తెలిసిపోతందే దీనికి!” అని నవ్వేవాడు. అతని నవ్వు చూసి రత్నం పొంగిపోయేది. ఆ పొంగులో చూడాల్సింది చూడలేదు.

చూసింది దేముడమ్మ. ఒకరోజు పొద్దున్న పొయ్యి మీద కాగుతున్న పాలు పొంగుతుంటే, పోలిరాజు మామూలుగా వెళ్లి గిన్నె దించి కింద పెట్టాడు. మసిగుడ్డ లేదు, పట్టకారు లేదు. ఉత్త చేత్తో. చర్మం కాలిన వాసన వచ్చాక గాని చెయ్యి కాలిందని అతనికి తెలీలేదు.

రత్నం పరుగున వెళ్లేసరికి వదిన ఆ చేతికి కలబంద గుజ్జు రాస్తోంది. “ఎన్నాళ్ల నుంచి అన్నియ్యా?” అంది రత్నం.

“వేళ్లు మొద్దుబారి చాన్నాళ్లయిందిలే. బొటనేలూ సూపుడేలూ బాగానే ఉన్నాయి” అన్నాడు పోలిరాజు, తప్పు చేసినవాడిలా. “సెప్తే ఆపేస్తావని సెప్పలేదు.”

హైమవతి గారు పరీక్షలు చేసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పని చేసేవాడు పక్కన ఉంటే ఒళ్లు దాచుకునేవాడు ఒకడుంటాడు చూడండి, నరం అలాంటిదట. ప్రతిసారీ మోకు ముందుగా జవాబిస్తుంటే, నరం తన పని మానుకుంది. “దీనికి విరుగుడు ఉంది రత్నం. మోకులో చేరినదాన్ని అదే తొడుగు ద్వారా తిరిగి చేతికి పంపొచ్చు. చెయ్యి బాగుపడుతుంది, మోకు ఉత్త తాడవుతుంది. కషాయంలో ఉడికేదాకే ఆ అవకాశం.”

ఒక్క పాఠమే మిగిలి ఉంది. ఈదురుగాలి. అసలైన పాఠం అదే. పోలిరాజు పట్టుబట్టాడు. ఇంత చేసి చివర్లో వదిలేస్తామా అన్నాడు. రత్నం ఒప్పుకుంది. వెంట తానూ వస్తానంది.

ఆ మధ్యాహ్నం పడమట మబ్బు నల్లగా కమ్మి, సముద్రం ఒక్కసారి గమ్మున ఊరుకుంది. రత్నం పడవకి గాలి వాలు పక్క, అంటే గాలికి పడవ ఒరిగే పక్క నిలబడి కొలతల పెట్టె సర్దుతోంది. అది నిలబడాల్సిన చోటు కాదని చిన్నప్పుడు తాత వంద మొట్టికాయలు వేసి చెప్పాడు. చదువుకున్న పిల్ల కదా, పెట్టె మీద ఉన్న ధ్యాస గాలి మీద లేదు. గాలి దెబ్బ కొట్టింది. పడవ ఒరిగింది. కాళ్ల కింద బల్ల జారిపోయి రత్నం నీళ్లలోకి వెళ్తూ వెళ్తూ దూలం కొసని వాటేసుకుంది.

మోకు వదిలేస్తే దూలం బయటికి విసురుకుపోతుంది, దాంతోపాటు చెల్లెలూ పోతుంది. పోలిరాజు వదల్లేదు. పళ్లు బిగబట్టి, పడవ అంచు నీళ్లు తోడుకుంటున్నా వదల్లేదు. అదృష్టం బాగుండి, చాప కుట్టు ఒకటి పర్రున చిరిగింది. గాలి ఆ చిరుగులోంచి పోయింది, పడవ లేచింది. అన్నయ్య చెల్లెల్ని జుట్టు పట్టి లోపలికి లాగాడు. ఇద్దరూ తడిసి ముద్దై, ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు. బతికి బయటపడ్డ సంబరంలో ఏం జరిగిందో ఇద్దరికీ తట్టలేదు.

అది ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో తట్టింది.

కుట్టు వేసిన చాపని షెడ్డులో ఒక నమూనా పడవ కొయ్యకి ఎత్తి, పెద్ద పంకాలు పెట్టి పరీక్ష చేశారు. చిరుగాలికి మోకు ముద్దుగా సడలింది, బిగిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. హైమవతి గారు సైగ చేయగానే పంకాలన్నీ ఒక్కసారిగా పెద్ద గాలి విసిరాయి. మోకు వదలాలి. వదల్లేదు సరికదా, కొయ్య కిర్రుమనేలా బిగిసిపోయింది. నమూనా పడవ దబ్బున పక్కకి పడింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే. చిన్న గాలికి పండితుడిలా ఉన్న మోకు, పెద్ద గాలికి మొండికేస్తోంది.

“ఎక్కడో పేనడంలో లోపం ఉందేమో” అన్నారు హైమవతి గారు.

రత్నం ఆ బిగిసిన మోకు మీద చెయ్యి వేసింది. లోపల సన్నగా వణుకుతోంది. ఆ వణుకు రత్నానికి తెలుసు. లోపమూ కాదు, పాడూ కాదు. ఆ రోజు ఈదురుగాలిలో అది తనని పట్టుకుంది. తను పోకుండా పట్టుకుంది. పడవ బతికింది కాబట్టి, పెద్ద గాలి వస్తే గట్టిగా పట్టుకోవాలి కాబోలని నేర్చేసుకుంది.

రత్నం అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. తనని అంతలా పట్టుకున్నవాడు ఉన్నందుకు కొంత, ఆ పట్టు వల్ల ఎన్ని పడవలు మునుగుతాయోనని కొంత.

“ఆ ఒక్క పాఠం పీకెయ్యలేమా మేడమ్?”

“పేనిన తాట్లోంచి ఒక్క పోగు లాగితే తాడు మిగులుతుందా? దాని మీద ఇంకో పాఠం నేర్పాలి అంతే. అదే గాలి, అదే భయం, ఈసారి వదలాలి. కానీ ఆయన చేతిలో మిగిలింది ఆ రెండు వేళ్ల స్పర్శే. ఇంకోసారి తొడుగు వేస్తే ఇక తిరిగి పంపడానికి అవతల నరమే ఉండదు.”

రత్నం అప్పుడే నిర్ణయించేసుకుంది. అన్నయ్య చెయ్యి అన్నయ్యకి ఇచ్చేద్దాం. మోకు ఉత్త తాడైపోతే పోనీ. ఆ మాటే చెప్పడానికి ఇంటికి వెళ్లింది. వదిన గడప మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పోలిరాజు లోపల ఎడంచేత్తో వల అల్లే ప్రయత్నంలో ఉన్నాడు.

అంతా విన్నాక పోలిరాజు అన్నాడు. “మరి పడవల మాటేటి?”

“మరొకరు దొరుకుతారు. మరో దారి చూస్తాం.”

“మరొకడికి సెయ్యి ఉండదేటి? ఆడి సెయ్యి పోతే నీకు పరవాలేదా?” అన్నాడు. “ఇంకో పాఠమే కదా. ఎల్దాం.”

దేముడమ్మ చేట విసిరికొట్టింది. “ఎల్దాం ఎల్దాం అంటన్నావు, నోరెలా వస్తందయ్యా నీకు! నా తమ్ముడు ఎలాగూ పోయేడు. ఉన్నోడి సెయ్యి కూడా ఒగ్గీమంటారేటి ఈ సముద్రానికి? రేపు మన పిల్ల తల నిమిరితే నీకు తెలుస్తాదా? నా సెయ్యి పట్టుకుంటే తెలుస్తాదా?”

“తెలీదు” అన్నాడు పోలిరాజు.

అంత సూటిగా ఒప్పేసుకుంటాడని ఆవిడ అనుకోలేదు. కాకి ఒకటి వచ్చి చెల్లాచెదురైన చేపల్లో ఒకదాన్ని ఎత్తుకుపోయింది. ఆవిడ దాన్ని తోలలేదు.

“దానియ్య ముడేసేడు” అన్నాడు పోలిరాజు మెల్లిగా. “నాను సెప్పలేదు దేముడమ్మా. ఆడికి అన్నీ సెప్పేను, ఎందుకు కట్టకూడదో గట్టిగా సెప్పలేదు. ఆడికి తెలుసులే అనుకున్నాను. ఇప్పుడీ మోకు కూడా నా మాటే ఇన్నాది. తప్పు ఇన్నాది. దీనికైనా సెప్పనీ.”

దేముడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండుచేపలు మళ్లీ చేటలోకి ఎత్తుకుని ఏరడం మొదలుపెట్టింది.

హైమవతి గారు దూలానికి మనిషి బదులు ఇసకబస్తా కడదామన్నారు. “నా కళ్లకి గంతలు కట్టినా నా సేతికి తెలీదేటమ్మా అది బస్తా అని?” అన్నాడు పోలిరాజు. నిజమే. మోకు నేర్చేది కంటి నుంచి కాదు. భయం అబద్ధమైతే పాఠమూ అబద్ధమే. దూలానికి వేలాడాల్సింది రత్నమే.

రత్నానికి ఈత వచ్చు. గాలి నింపిన కోటు ఒకటి వేసుకుంటుంది. వెనకాల ఇంకో పడవ వస్తుంది. ఇన్ని ఉన్నా, ఈదురుగాలిలో అలల మధ్య మనిషి తల కనపడకపోతే ఏముంది చెయ్యడానికి? అది ముగ్గురికీ తెలుసు.

ఆ గాలి కోసం కాచుకుని కూర్చున్నారు. పిలిస్తే వస్తుందా అది! రోజూ మధ్యాహ్నం పడవ దించడం, పడమటి దిక్కు చూడటం, పొద్దువాలే వేళకి ఉసూరుమంటూ తిరిగి రావడం. వెనక పడవలో మొదటి రోజు నలుగురు ఈతగాళ్లు ఎక్కారు. రెండో రోజు చూస్తే వాళ్లతోపాటు దేముడమ్మ ఎక్కి కూర్చుని ఉంది. చీర గోచీ పోసి కట్టింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని అందరివంకా ఉరిమి చూసింది. ఎవరూ కిక్కురుమనలేదు.

వచ్చింది. ఎండ మండిపోతుండగా మబ్బు కమ్మింది, నీళ్ల మీద గరుకుగా ఒక నల్ల చార పరుగెత్తుకొచ్చింది. రత్నం గాలి వాలు పక్క నిలబడి దూలాన్ని రెండు చేతులా చుట్టుకుంది. వెనక కూర్చున్న అన్నయ్య వంక చూసింది. తొడుగు ముంజేతిని బిగించి ఉంది. అతని పెదవులు ఆడుతున్నాయి గాని, ఏ దేవుణ్ణి పిలుస్తున్నాడో గాలిలో వినపడలేదు.

దెబ్బ తగిలింది. పడవ ఒరిగింది. కాళ్లు జారాయి. రత్నం బరువంతా దూలం మీద పడింది. మోకు బిగిసింది. వదలాల్సిన క్షణం వచ్చింది, దాటిపోయింది. పడవ అంచు మునిగి నీళ్లు లోపలికి దూకాయి. పోలిరాజు కళ్లు చెల్లెలి మీదే ఉన్నాయి. చెయ్యి రాయిలా ఉంది.

“ఒగ్గీ అన్నియ్యా!” అని అరిచింది రత్నం. “నన్నొగ్గీ!”

అప్పుడు ఆవిడకి చేతుల కింద తెలిసింది. దూలం జానెడు సడలింది. ఆగింది. ఇంకో జానెడు. చిన్నప్పుడు ఇసుకలో పాతిన వెదురుగడ చాపతో అన్నయ్య అలాగే చేసేవాడు, ముందు కాస్త ఇచ్చి చూసి, తరవాత మొత్తం వదిలేవాడు. ఆ తరవాత దూలం బాణంలా బయటికి తిరిగింది. రత్నం ఎగిరి అలల్లో పడింది.

ఉప్పునీళ్లు ముక్కులోకి పోయాయి. కోటు పైకి తేల్చింది. కళ్లు తెరిచేసరికి పడవ దూరంగా నిటారుగా నిలబడి ఉంది. పెద్ద తెరచాప స్వేచ్ఛగా కొట్టుకుంటోంది. ఎంత బాగుందో! ఊపిరి అందని ఆ స్థితిలో కూడా రత్నానికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఆ వెంటనే ఒక అల వచ్చి నెత్తి మీద పడింది. మళ్లీ తేలేసరికి ఏ పడవా కనపడలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది. ఎంతసేపు అలా మునిగిందో, తేలిందో. చివరికి ఎవరిదో చెయ్యి కోటు కాలరు పట్టుకుని, పెద్ద చేపని లాగినట్టు ఒక్క గుంజు గుంజింది.

“సావకే ముండా” అంటోంది దేముడమ్మ, ఏడుస్తూ, వీపు మీద చరుస్తూ. “సచ్చేవంటే సంపేస్తాను.”

గాలి తగ్గాక ఆ పడవని పోలిరాజు పడవ పక్కకి చేర్చారు. అతను కదలకుండా కూర్చుని ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.

“రత్నం ఉందా?” అన్నాడు కళ్లు తెరవకుండానే.

“ఉన్నాను అన్నియ్యా.”

“నానే ఒగ్గేనా? ఆ తాడే ఒగ్గీసిందా? నాకు తెలీలేదే. ఏటీ తెలీలేదు.”

కొలతల పెట్టె చూస్తే తెలిసిపోతుంది. రత్నానికి ఆ అవసరం లేకపోయింది. “నువ్వే” అంది. “ముందు జానెడు, తరవాత ఇంకో జానెడు. నువ్వే ఒగ్గేవు.”

పోలిరాజు బావురుమన్నాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం ఆ ఈతగాళ్లెవరూ చూడలేదు. దేముడమ్మ ఆ పడవలోకి దూకి, అతని కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. బొటనవేలు నొక్కింది. చూపుడువేలు నొక్కింది. మొగుడి మొహం వంక చూసింది. తరవాత ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

మోకు కషాయంలో ఉడికింది. తోడు అంటిన కొత్త మోకులు తొట్టి నిండా పుట్టుకొచ్చాయి. వేట మొదలయ్యేనాటికి రేవులో ప్రతి పడవకీ పెద్ద తెరచాప కింద ఒక మోకు అమరింది. కుర్రకారు హాయిగా కూర్చుని తమ చేత్తో తాము అన్నం తింటున్నారు. వాళ్లకది మామూలైపోయింది. రాబోయే కాలంలో ఎవరికీ పోలిరాజు పేరు కూడా తెలియకపోవచ్చు. అందులో బాధపడాల్సింది ఏమీ లేదని రత్నానికి అనిపించింది, ఒక్కోసారి మాత్రం అనిపించలేదు.

ఆశ్వయుజంలో ఒక సాయంత్రం పడవలన్నీ చేపలతో తిరిగొస్తుండగా, ఒడ్డుకి ఇంకా దూరంగా ఉండగానే ఈదురుగాలి లేచింది. ఒడ్డున ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ లేచి నిలబడ్డారు. కళ్ల ముందే ఒక్కో పడవా ఒరిగింది. ఒక్కో దూలమూ బయటికి తిరిగింది. చాపలన్నీ ఒక్కసారిగా టపటపలాడాయి. పడవలన్నీ లేచి నిలబడ్డాయి. ఒక్కటీ మునగలేదు. ఒడ్డంతా కేకలు, ఈలలు. ఎవరో ఒకావిడ రత్నం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఆ తాడుకి ఎలా తెలుసమ్మా ఒగ్గీడం, ఏం మంత్రం పెట్టేవని అడిగింది.

రత్నం అన్నయ్య వంక చూసింది. పక్కన ఇసుకలో కూర్చున్న పోలిరాజు సముద్రం వైపు చూడటం లేదు. తల వంచుకుని కళ్లు మూసుకున్నాడు. ఎడంచేత్తో చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. అన్ని పడవల్లోనూ ఒక్కసారిగా ఆవిణ్ణి వదిలేశాడు కదా.

గాలి పూర్తిగా తగ్గేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.